ఆకు పండటాన్ని పరిశోధించబోయే మనవరాలికి

గుంటూరు

చి. అమ్మలుకు తాతయ్య ఆశీస్సులు.

వరిలో ఆకు పండటాన్నే ఎమ్మెస్సీ పరిశోధనకు ఎంచుకున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నీకు రాయాలని ఉంది. ఆకులోని నత్రజనిలో అధిక భాగం హరితరేణువుల ప్రోటీన్లలోనే ఉంటుంది. మొక్క వాటిని ఒక క్రమంలో విడగొట్టి గింజకు చేరవేస్తున్నదనడానికి పైకి కనిపించే గుర్తే ఆ పసుపు.

పొలంలో పసుపుగా కనిపించిన ఆకునల్లా కోయవద్దు. నేను తొలి ఏడాది అలాగే కోసి, యూరియా సరిగా అందని మూలనున్న దుబ్బులనూ కలిపేసి, ఒక పంటకాలపు కష్టమంతా పోగొట్టుకున్నాను. వెన్ను బయటికి వచ్చిన రోజునే పిలకకు రంగు దారం కట్టి, తేదీ రాసుకొని, ఎప్పుడూ ఆ పిలక పోటాకునే, అంటే వెన్ను కింద ఉండే చివరి ఆకునే, కొలువు. గడ్డిజాతి ఆకు మొదలు దగ్గర పెరుగుతుంది గనుక వయసులో కొన పెద్దది, పసుపు అక్కడ మొదలై కిందికి దిగుతుంది. అందువల్ల కొన, నడుమ, మొదలు ముక్కలను వేర్వేరు కవర్లలో పెట్టు.

హార్మోన్ల పని చూడాలంటే ఆకు ముక్కలను నీటిపై తేలేటట్టు వేసి చీకట్లో ఉంచు. ఉత్త నీటిలోనివి కొద్ది రోజుల్లో పాలిపోతాయి. బెంజైల్ ఆడెనిన్ అనే సైటోకైనిన్ రకపు హార్మోన్ కలిపిన నీటిలో పచ్చదనం నిలుస్తుంది, ఆబ్సిసిక్ ఆమ్లం అనే మరో హార్మోన్ కలిపితే పసుపు తొందరపడుతుంది. అయితే కోసిన ఆకుకు పోషకాలు పంపడానికి గింజ లేదు గనుక, పళ్ళెంలో చూసినదాన్ని పొలానికి అంటగట్టకు.

జన్యువుల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఆబ్సిసిక్ ఆమ్లం కబురు అందుకొని పత్రహరితాన్ని విడగొట్టే జన్యువులను మేల్కొలిపే ఓఎస్‌నాప్ అనే జన్యువు పనిని వరిలో తగ్గించినప్పుడు ఆకు ఆలస్యంగా పండి, దిగుబడి 6 నుంచి 10 శాతం వరకు పెరిగిందని 2014లో ప్రచురించారు. గోధుమలో 2006 నాటి పరిశోధనలో అదే కుటుంబపు జన్యువులను అణచితే ఆకు 3 వారాలకు పైగా ఎక్కువ కాలం పచ్చగా నిలిచింది గానీ, గింజలో ప్రోటీను, జింకు, ఇనుము 30 శాతానికి పైగా తగ్గిపోయాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చదువు. పచ్చగా ఉన్న ఆకంతా పనిచేసే ఆకు కాదని కూడా గుర్తుంచుకో: పత్రహరితం విడిపోవడానికి కావలసిన ఎస్‌జీఆర్ అనే జన్యువు చెడిన వరిలో పత్రహరితం మిగిలే ఉంటుంది, కిరణజన్య సంయోగక్రియ మాత్రం మామూలుగానే పడిపోతుంది. మెండెల్ బఠాణీల్లో ఆకుపచ్చ గింజలకూ ఈ జన్యులోపమే కారణమని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

పెదకాకాని వైపు పొలాలు ఈనకముందే దారాలు సిద్ధం చేసుకో. కోతనాడు దారం కట్టిన వెన్నులను విడిగా కోసి, తాలు వేరుచేసి, గింజ తూకాన్ని దాని ఆకు లెక్క పక్కనే రాయి.

నీ తాతయ్య