జపాన్ పాత నాణెం నకిలీదని తేలితే డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: నేను టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఎనిమిది నెలల క్రితం అక్కడి పురాతన వస్తువుల దుకాణంలో ‘తెంపో త్సూహో’ తల్లి నాణెం (మిగతా నాణేలు పోయడానికి అచ్చుగా వాడినది) అంటే నమ్మి 1,80,000 యెన్‌లకు కొన్నాను. నాణేలు సేకరించే సహోద్యోగి నిన్న చూసి నకలు అంటున్నాడు. రసీదు మీద ‘తల్లి నాణెం’ అనీ, ‘వాపసు తీసుకోము’ అనీ రెండూ ఉన్నాయి. వచ్చే నెల విజయవాడ వస్తున్నాను. ఏం చేయాలి? - ఒక పాఠకుడు

జవాబు: మీ రసీదులో రెండో మాట చూసి దిగులు పడకండి, మొదటి మాటే మీకు బలం. నాణెం అసలుదా కాదా అన్నది సేకర్తల ప్రశ్న. అమ్మినవారు చెప్పిన వస్తువే మీ చేతికి వచ్చిందా అన్నది కోర్టు ప్రశ్న. ఈ రెండూ ఒకటి కావు. తెంపో త్సూహో 1835లో మొదలైన 100 మోన్‌ల (మోన్ ఆనాటి జపాన్ డబ్బు లెక్క) కోలనాణెం. షోగునేట్ (సైనిక పాలకుల ప్రభుత్వం) చివరి రోజుల్లో సత్సుమా సంస్థానం వీటిని దొంగచాటుగా పోత పోసింది. ప్రభుత్వం దృష్టిలో ఆనాడు అవి నకిలీలే, అయినా ఈనాడు సేకర్తలు వాటిని ఇష్టంగా కొంటారు. అటువంటిదాన్ని అలాగే చెప్పి అమ్మితే తప్పు లేదు. తల్లి నాణెం అని చెప్పి మామూలు పోత అంటగడితే మాత్రం ఒప్పందాన్ని మీరినట్టే.

తేడా కొలతలో పట్టుబడుతుంది. తల్లి నాణేన్ని ఇసుక అచ్చులో అదిమి, ఆ గుంటలో కరిగిన లోహం పోసి చలామణీ నాణేలు చేసేవారు. లోహం చల్లారితే కుంచించుకుపోతుంది కనుక పిల్ల నాణెం తల్లి కంటే కాస్త చిన్నది, అక్షరాల అంచులూ కొంత మొద్దుబారి ఉంటాయి. చలామణీ తెంపో సుమారు 49 మిల్లీమీటర్ల పొడవు, 32 వెడల్పు, 20 గ్రాముల పైచిలుకు బరువు. మీది అంతకన్నా చిన్నదై, అక్షరాలు మసకబారి ఉంటే, చలామణీ నాణేన్నే అచ్చుగా వాడి పోసిన నకలు కావచ్చు. అయితే మీ సహోద్యోగి మాట కోర్టులో చాలదు. జపాన్ నాణేల వర్తకుల సహకార సంఘం పరీక్షించి ధ్రువపత్రం ఇస్తుంది, అక్కడ చూపించండి. అంతవరకు దయచేసి దాన్ని తోమవద్దు, కడగవద్దు. మీ ప్రధాన సాక్ష్యం ఆ నాణెమే.

ఇక జపాన్ చట్టం. ఈ నాణేలు చెల్లుబాటు కోల్పోయి వందేళ్లు దాటింది కనుక దొంగ కరెన్సీ సెక్షన్ వర్తించదు. మోసం కేసుకు శిక్షాస్మృతి 246వ అధికరణం ఉంది, కానీ దుకాణదారుకు ముందే తెలుసునని రుజువు చేయాలి. ఆయన కూడా మోసపోయి ఉండవచ్చు. అందుకే నేను సివిల్ దారే సూచిస్తాను. వినియోగదారుల ఒప్పందాల చట్టం 4వ అధికరణం ప్రకారం వ్యాపారి ముఖ్యమైన విషయం అబద్ధంగా చెబితే, తెలిసి చెప్పినా తెలియక చెప్పినా, ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. గడువు విషయం బయటపడిన నాటినుంచి ఏడాది, కొన్న నాటినుంచి అయిదేళ్లు. సివిల్ కోడ్ 566 ప్రకారం కూడా తేడా తెలిసిన ఏడాదిలోగా అమ్మినవారికి తెలియజేయాలి. బాధ్యత మొత్తాన్ని తప్పించుకునే ‘వాపసు లేదు’ షరతు వ్యాపారి విషయంలో చెల్లదని అదే వినియోగదారుల చట్టం 8వ అధికరణం చెబుతుంది. మీరు కొన్నది వ్యాపారి కాని మామూలు వ్యక్తి దగ్గరైతే ఈ రక్షణ దొరకదు. అప్పుడు ఆయనకు ముందే తెలిసి దాచాడని చూపాలి.

ముందు దుకాణానికి ఉత్తరం రాయండి. అందులో ఏముందో తపాలా సంస్థే ధ్రువీకరించే పద్ధతి జపాన్‌లో ఉంది, అలాగే పంపండి. జవాబు రాకపోతే 188కి ఫోన్ చేయండి, స్థానిక వినియోగదారుల కేంద్రానికి కలుపుతారు. 6 లక్షల యెన్‌ల లోపు సొమ్ముకు సమ్మరీ కోర్టులో (చిన్న వివాదాలు చూసే కోర్టు) చిన్న దావా వేయవచ్చు, సాధారణంగా ఒక్క విచారణలోనే తేలిపోతుంది. అక్కడి న్యాయవాదికి ఒకసారి కాగితాలు చూపించడం మంచిది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. నాణేన్ని విజయవాడకు తేవద్దు. మన 1972 పురావస్తువుల చట్టంలో వందేళ్లు దాటిన ఏ నాణెమైనా పురావస్తువే, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం. రేపు సాక్ష్యం కోసం తిరిగి టోక్యో తీసుకుపోవాలంటే, ఇది నకలేనని విమానాశ్రయంలో మీరే నిరూపించుకోవలసి వస్తుంది. ఉత్తరం పంపి, నాణేన్ని అక్కడే భద్రపరిచి బయలుదేరండి.