ఫాగ్‌లో విండోస్ ఇమేజ్ తీస్తుంటే మధ్యలో ఆగిపోతోందా?

ఫాగ్ సర్వర్‌తో (నెట్‌వర్క్ మీద కంప్యూటర్ల డిస్క్ మొత్తాన్ని కాపీ తీసి పెట్టే సాఫ్ట్‌వేర్) విండోస్ 11 ఇమేజ్, అంటే ఆ డిస్క్ కాపీ, క్యాప్చర్ చేస్తుంటే ఎర్రర్ వచ్చి మెషిన్ రీబూట్ అవుతోందని, కేబుల్, స్విచ్ మార్చినా అంతేనని రాశారు. ముందు ఆ స్విచ్‌ని వదిలేయండి. పీఎక్స్‌ఈ (నెట్‌వర్క్ నుంచి బూట్ అవడం) మెనూ వచ్చి, ఫాగ్ వాడే లైనక్స్ కెర్నల్ లోడై, డిస్క్ దాకా వెళ్లి ఆగిందంటే చాలావరకు గొడవ డిస్క్‌లోనే.

నేనూ రెండు రోజులు కేబుళ్లు పీకి పెట్టాను. ఎర్రర్ చదివేలోపే స్క్రీన్ మాయమయ్యేది. చివరికి ఫోన్‌లో వీడియో తీసి, ఆపి చూస్తే ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ (విండోస్ ఉండే డిస్క్ భాగం) 'అన్‌సేఫ్ స్టేట్'లో ఉందని కనిపించింది. నేను షట్‌డౌన్ చేశాననే అనుకున్నా. కానీ విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ నొక్కినా విండోస్ తన కెర్నల్‌ని హైబర్నేషన్ ఫైల్‌లో దాచుకుని పడుకుంటుంది, అంతే. ఇమేజ్ తీసేముందు ఫాగ్ పార్టిషన్ సైజు తగ్గించాలని చూస్తే, అలాంటి పార్టిషన్‌కి లైనక్స్ ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మంచిది, లేకపోతే డేటా పోతుంది.

అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్' కొట్టండి. చెక్‌డిస్క్ కమాండ్ 'chkdsk c: /f' ఇచ్చి రీస్టార్ట్ చేయండి. అది పూర్తయ్యాక షట్‌డౌన్ చేసి, నేరుగా పీఎక్స్‌ఈకి వెళ్లండి. నాకు ఇంతటితో పోయింది.

తర్వాత ఒక కొత్త ల్యాప్‌టాప్‌తో మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి బిట్‌లాకర్, అంటే డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ ఫీచర్. నేనెప్పుడూ ఆన్ చేయలేదు, విండోస్ 11 చాలా మెషిన్లలో తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేసేస్తుంది. 'మేనేజ్-బీడీఈ -స్టేటస్' కొట్టి చూడండి. 'ప్రొటెక్షన్ ఆఫ్' అన్నది చూసి మోసపోకండి, నేను మోసపోయాను. కన్వర్షన్ స్టేటస్ దగ్గర 'ఫుల్లీ డిక్రిప్టెడ్' అని ఉంటేనే లెక్క. లేకపోతే 'మేనేజ్-బీడీఈ -ఆఫ్ సి:' ఇచ్చి, శాతం సున్నాకి వచ్చేదాకా ఓపిక పట్టండి.

అసలు డిస్కే కనిపించడం లేదంటే బయోస్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ రెయిడ్ (డిస్క్‌లను కలిపి వాడే) మోడ్‌లో ఉందేమో చూడండి. క్యాప్చర్ 100 శాతం అయ్యాక ఫెయిలవుతుంటే మాత్రం అది సర్వర్ సంగతి. ఫాగ్ ముందు ఇమేజ్‌ని 'డెవ్' ఫోల్డర్‌లో రాసి, చివర్లో ఎఫ్‌టీపీతో అసలు చోటికి జరుపుతుంది. సర్వర్‌లో ఆ ఎఫ్‌టీపీకి ఫాగ్ వాడే 'ఫాగ్‌ప్రాజెక్ట్' యూజర్ పాస్‌వర్డ్‌ని ఎవరైనా మార్చి ఉంటే అక్కడే తన్నేస్తుంది.

ఇవేవీ కాకపోతే, రీబూట్‌కి ముందు కనిపించే చివరి నాలుగైదు లైన్ల ఫొటో పెట్టండి.