లాన్‌లో ఒకవైపు బురద, ఒకవైపు ఎండుగడ్డి: స్ప్రింక్లర్లకు ఏ పని ఎప్పుడు చేయాలి?

విజయనగరంలో ఇంటి ముందు లాన్ వేయించి స్ప్రింక్లర్లు బిగించి రెండేళ్లయిందనీ, ఈ మధ్య ఒకవైపు గడ్డి పసుపు తిరుగుతుంటే మరోవైపు కాలు పెడితే బురద అంటుతోందనీ రాశారు. ఏడాదికొకసారి మెకానిక్ వచ్చి చూసి వెళ్తే సరిపోతుందా, మధ్యలో మనం చేసుకోవలసినవి ఏమైనా ఉన్నాయా అని కూడా అడిగారు. ఏడాదికొకసారి సరిపోదండి. అలాగని ఇది పెద్ద పనీ కాదు. మా ఇల్లు కూడా విజయనగరం శివార్లలోనే ఉంది. మాదీ బోరు నీరే, ఎర్ర నేలే, నీళ్లు వదిలినప్పుడు నేలలోంచి పైకి లేచి చల్లే నాలుగంగుళాల పాప్-అప్ హెడ్‌లే. నాకు అర్థమైనంతవరకు లోపం హెడ్ దగ్గర కనిపిస్తుంది గాని, దానికి కారణం చాలాసార్లు హెడ్‌కు ముందే, అంటే ఫిల్టరులోనో, ప్రెజరులోనో, పైపులో చేరిన మట్టిలోనో ఉంటుంది. అందుకే హెడ్‌లు మార్చడంతో మొదలుపెట్టకండి. మోటారు వైపు నుంచి హెడ్ వైపు వరుసగా చూసుకుంటూ రండి.

అన్నిటికంటే ముందు, స్ప్రింక్లర్లు నడుస్తున్నప్పుడు మీరు దగ్గరుండి చూడాలి. టైమరు పెట్టిన ఇళ్లలో నీళ్లు తెల్లవారుజామున అయిదింటికి, ఇంట్లో ఎవరూ లేవకముందే పెట్టడం అయిపోతుంది. గాలి తక్కువగా ఉంటుంది, ఎండ ఉండదు, తడిసిన ఆకు ఎక్కువసేపు తడిగా ఉండి తెగులు పట్టే ప్రమాదమూ ఉండదు కాబట్టి ఆ వేళే సరైనది; కాని అది చీకట్లో జరిగిపోతుంది కనుక ఒక హెడ్ నెలల తరబడి పైకి లేవకపోయినా ఎవరికీ తెలియదు. కాబట్టి వారానికి ఒకసారి, వెలుతురు వచ్చాక, ఒక్కొక్క లైనును, అంటే ఒకే వాల్వు మీద నడిచే హెడ్‌ల వరుసను, రెండు మూడు నిమిషాలు చేత్తో నడిపి లాన్ చుట్టూ ఒకసారి తిరిగి రండి. ఏ హెడ్ సగమే లేచింది, దేని మొదట్లో నీళ్లు ఊరుతున్నాయి, ఏది గడ్డిని వదిలేసి ప్రహరీ గోడను తడుపుతోంది, ఏ నాజిల్ (హెడ్ తలలో నీళ్లు చిమ్మే మొన) నుంచి నీళ్లు చినుకులుగా కాక పొగలా లేస్తున్నాయి అన్నవి అప్పుడే కంటపడతాయి. పొగలా లేస్తే ప్రెజరు ఎక్కువైందని అర్థం. ఆ నీళ్లలో చాలా భాగం గాలికే పోతుంది. మాకు పైపులు వేసిన ప్లంబరుకు ఒకటి రెండు హెడ్‌ల ధార తగ్గిందని చూపిస్తే, ‘నీళ్లొస్తన్నాయి గదండీ, ఇంకేటి కావాలి?’ అన్నాడు. పంపు కింద బిందె నింపుకోవడానికైతే ఆ మాట చాలును గాని, లాన్‌కు చాలదు.

తరువాత ఫిల్టరు. మన ప్రాంతపు బోర్లలో చాలాచోట్ల నీటితోపాటు సన్న ఇసుక వస్తుంది, కొన్నిటిలో ఇనుము వస్తుంది. ఇనుము ఉన్న నీరు బోరు నుంచి వచ్చేటప్పుడు తేటగానే ఉంటుంది. ట్యాంకులో గాలి తగిలాక తుప్పు రంగుకు తిరుగుతుంది. వేసవిలో మా ఫిల్టరు గిన్నె విప్పితే అడుగున వేలి మందాన ఎర్రటి ఒండ్రు పేరుకుని ఉంటుంది. జాలీ చుట్టూ జిగటగా, వేలితో తీస్తే సాగే నారింజరంగు పొర ఒకటి పట్టి ఉంటుంది. ఇనుమును ఆధారం చేసుకుని పెరిగే సూక్ష్మజీవుల వల్ల వచ్చే జిగట అది. పైపైన నీళ్లు చల్లితే పోదు. జాలీని బయటకు తీసి, లోపలి నుంచి బయటి వైపుకు ధార పట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్దాలి. కడిగాక జాలీని వెలుతురుకు ఎత్తి చూడండి. ఎక్కడైనా గోరంత చిరుగు ఉన్నా ఆ ఫిల్టరు ఉన్నా లేనట్టే. మూతకు ఉండే రబ్బరు వాషరు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో కూడా చూసుకోండి. అది మెలిపడితే నీరు కారడమే కాదు, ప్రెజరూ పడిపోతుంది. వేసవిలో నేను దీన్ని రెండు వారాలకొకసారి, మిగతా రోజుల్లో నెలకొకసారి విప్పుతాను. మీ బోరులో ఇసుక ఎక్కువైతే ఇంకా తరచుగా విప్పాలి. ఫిల్టరుకు ముందూ వెనకా ఒక్కొక్క ప్రెజర్ మీటరు పెట్టించుకుంటే ఊహించాల్సిన పని లేదు. రెండింటి మధ్య తేడా అర కేజీకి (మీటరు ప్రెజరును చదరపు సెంటీమీటరుకు కేజీల్లో చూపిస్తుంది) చేరిందంటే జాలీ పూడుకుపోతోందని అర్థం. పాప్-అప్ స్ప్రింక్లర్లకు 120 మెష్ జాలీ, అంటే అంగుళానికి 120 కళ్లున్నది, సరిపోతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి లైను తీసుకుంటే, ట్యాంకు అడుగుకు ఆనించి కాక నాలుగైదు అంగుళాలు పైనుంచి గొట్టం తీయించడం మంచిది. అడుగున పేరుకున్న ఒండ్రు లైనులోకి రాదు.

ట్యాంకు మాట వచ్చింది కనుక ప్రెజరు సంగతి కూడా చెబుతాను. చాలామంది ‘మా ట్యాంకు రెండో అంతస్తు మీద ఉంది, ధార బాగానే వస్తుంది’ అనుకుంటారు. పది మీటర్ల ఎత్తున్న నీరు ఇచ్చే ప్రెజరు కేజీ మాత్రమే. రెండంతస్తుల ఇంటి పైనున్న ట్యాంకు అంత ఎత్తు కూడా ఉండదు. తిరగకుండా ఒకేసారి విసనకర్రలా చల్లే పాప్-అప్ స్ప్రే హెడ్ సరిగ్గా పనిచేయడానికి దాని దగ్గర రెండు కేజీల ప్రెజరు కావాలి; తిరిగే రోటర్ హెడ్‌కు మూడు కేజీలదాకా కావాలి. అందుకే ట్యాంకు నీటిని నేరుగా ఇచ్చేచోట హెడ్‌లు సగమే లేస్తాయి, నీళ్లు మొదట్లోనే కారి బురదవుతుంది, రెండు హెడ్‌ల మధ్యనున్న గడ్డి ఎండిపోతుంది. మీరు రాసిన లక్షణాలు దీనికి సరిపోతున్నాయి. మీకు ప్రత్యేకంగా ప్రెజర్ మోటారు లేకపోతే, మిగతా మరమ్మతులన్నీ ఎంత చేసినా ఫలితం అరకొరగానే ఉంటుంది. మోటారు ఉండీ ధార తగ్గితే ముందు ఫిల్టరు, తరువాత ఫుట్ వాల్వు (మోటారు పీల్చే గొట్టం అడుగున నీరు వెనక్కి జారకుండా ఆపేది), ఆ తరువాతే మోటారును అనుమానించండి.

ఇక హెడ్‌లు. పైకి లేచే గొట్టం చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది; అది లేచినప్పుడూ దిగినప్పుడూ గొట్టాన్ని తుడుస్తుంది. దాని పెదవిలో రెండు ఇసుక రేణువులు ఇరుక్కున్నా గొట్టం పూర్తిగా దిగదు. దిగకపోతే తరువాత గడ్డి కోసే మిషను దాని తల ఎగరగొడుతుంది. లాన్ కోసే ముందురోజు లేచి నిలబడిన హెడ్‌లు ఉన్నాయేమో చూసుకోవడం అందుకే అవసరం. నీళ్లు నడుస్తుండగా అలాంటి హెడ్‌ను వేలితో రెండు మూడుసార్లు కిందికి నొక్కి వదిలితే ఇసుక చాలావరకు తనంతట తానే కొట్టుకుపోతుంది. నాజిల్ శుభ్రం చేయాలంటే మోటారు ఆపాక గొట్టాన్ని చేత్తో పైకి లాగి పట్టుకోవాలి. లోపల స్ప్రింగు బలంగా ఉంటుంది కనుక వదిలితే చటుక్కున లోపలికి పోతుంది. బట్టలారేసే క్లిప్పు ఒకటి గొట్టానికి తగిలిస్తే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. నాజిల్ విప్పితే దాని కింద చిన్న బుట్టలాంటి జాలీ ఉంటుంది. చాలా ఇళ్లలో దీన్ని కొన్ననాటి నుంచి ఎవరూ తీసి ఉండరు. నాజిల్ అంచున తెల్లగా గారపట్టి ఉంటే గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కరిగించి అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. పిన్నీసుతోనో, సూదితోనో పొడవవద్దు. ఆ చీలిక ఏ మాత్రం వెడల్పయినా నీరు పడే తీరు మారిపోతుంది. బాత్రూములు కడిగే యాసిడ్ అసలే వద్దు, రబ్బరు సీళ్లు పాడవుతాయి.

ఎర్ర నేలలో ఇంకో ఇబ్బంది ఉంది. రెండు వానాకాలాలు గడిచేసరికి మట్టి కొట్టుకువచ్చి, గడ్డి దుబ్బుకట్టి, హెడ్ నేలకంటే లోతుకు పోతుంది. లేచినా దాని తల గడ్డిలోనే ఉంటుంది; ధార ఎదురుగా ఉన్న గడ్డికి కొట్టుకుని అక్కడే పడిపోతుంది. హెడ్ పైమూత నేలకు సమంగా, నిటారుగా ఉండాలి. చుట్టూ మట్టి తవ్వి హెడ్‌ను ఎత్తి, కింద ఇసుక దట్టించి మళ్లీ పూడ్చండి. హెడ్ చుట్టూ ఉన్న గడ్డిని జానెడు మేర గుండ్రంగా కత్తితో కోసేస్తూ ఉండండి.

ఇంత చేశాక కూడా బురదా ఎండూ పక్కపక్కనే ఉంటే, గ్లాసుల పరీక్ష చేయండి. ఒకే రకం, నిటారు అంచులున్న గ్లాసులు గాని డబ్బాలు గాని పది పన్నెండు తీసుకుని, ఎండిన చోట, తడిచోట, హెడ్ దగ్గర, రెండు హెడ్‌ల మధ్య పెట్టి, ఆ లైనును పదిహేను నిమిషాలు నడిపి, ఒక్కొక్కదానిలో ఎన్ని మిల్లీమీటర్ల నీరు నిలిచిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. ఒకచోట పది, ఇంకొకచోట నాలుగు వచ్చాయంటే లోపం గడ్డిలోనూ ఎరువులోనూ లేదు. సాధారణంగా ఎవరో మధ్యలో ఒక నాజిల్ మార్చి, పక్కదానితో జత కుదరనిది పెట్టి ఉంటారు. మూలన పావు వృత్తం తడిపే నాజిల్, పూర్తి వృత్తం తడిపే దానిలో పావు వంతు నీళ్లే వదలాలి. ఒకే కంపెనీ, ఒకే సిరీస్ నాజిళ్లయితే ఆ లెక్క ముందే కుదిర్చి ఉంటుంది. స్ప్రే హెడ్‌లూ రోటర్లూ ఒకే లైను మీద కలిపి పెట్టినా ఇదే గొడవ. స్ప్రే హెడ్ గంటకు 35–40 మిల్లీమీటర్లు కురిస్తే రోటరు అందులో మూడో వంతు కురవడమే ఎక్కువ. ఒక హెడ్ నుంచి వెళ్లే ధార పక్క హెడ్ దాకా చేరాలన్నది కూడా గుర్తుంచుకోండి. దూరాలు అంతకు మించి పెట్టి ఉంటే మధ్యలో ఒక హెడ్ అదనంగా వేయక తప్పదు.

పై లెక్క నుంచే టైమరులో పెట్టవలసిన నిమిషాలు కూడా తేలుతాయి. మన మే నెల ఎండల్లో లాన్‌కు రోజుకు అయిదు మిల్లీమీటర్ల నీరు చాలు. స్ప్రే హెడ్‌లు దాన్ని ఎనిమిది నిమిషాల్లో ఇచ్చేస్తాయి. వంద గజాల లాన్‌కు ఆ నీరు దాదాపు 420 లీటర్లు. అరగంట నడిపేవాళ్లు మూడింతలకు పైగా పోస్తున్నారు. మిగిలింది వీధిలోకి పారుతుంది, లేదా పల్లంలో బురదై నిలుస్తుంది. బంకమట్టి నేలైతే ఆ ఎనిమిది నిమిషాలను కూడా నాలుగేసి నిమిషాలుగా విడగొట్టి, మధ్యలో అరగంట ఆగి ఇవ్వండి.

నీళ్లు ఆపాక కూడా పల్లంలో ఉన్న హెడ్ నుంచి కాసేపు కారి ఆగిపోతే, అది పైపులో మిగిలిన నీరు. ఆ హెడ్‌లో చెక్ వాల్వు ఉన్న రకం పెట్టించుకుంటే ఆగుతుంది. ఎంతసేపటికీ ఆగకుండా కారుతుంటే సోలినాయిడ్ వాల్వు (టైమరు కరెంటు పంపితే లైనును తెరిచేది) మూసుకోవడం లేదు. ఎక్కువగా దాని లోపలి రబ్బరు పొర కింద ఇసుక చేరడం వల్లనే ఇలా జరుగుతుంది. మెయిన్ వాల్వు కట్టేసి, పై మూత స్క్రూలు విప్పి, స్ప్రింగు ఏ వైపు కూర్చుందో ఫోనులో ఫొటో తీసుకుని, రబ్బరును కడిగి, దానిలో ఉండే సన్నటి రంధ్రం తెరిచి ఉందో లేదో చూసి బిగించండి. ఆ వాల్వును తెరిచే కాయిల్‌కు వచ్చేది 24 వోల్టులే కాబట్టి భయం లేదు గాని, టైమరు పెట్టెలోకి 230 వోల్టులు వస్తాయి. దాన్ని తెరిచేటప్పుడు కరెంటు మెయిన్ ఆపండి.

యూట్యూబులో విదేశీయులు చలికాలానికి ముందు కంప్రెసరుతో పైపుల్లోని నీటిని ఊదేస్తుంటారు. అక్కడ పైపుల్లో నీరు గడ్డకట్టి పగులుతాయి కాబట్టి వాళ్లకది తప్పనిసరి. మనకు దానితో పనిలేదు. మనకు ఇబ్బంది వానాకాలమే. జూన్‌లో వానలు పట్టాక టైమరు ఆపేస్తాం. ఆపేయడం సబబే గాని, నాలుగు నెలలు అలాగే వదిలేస్తే మోటారు బిగుసుకుంటుంది, సీళ్లు అంటుకుపోతాయి. పది రోజులకొకసారి ఒక్కొక్క లైనును రెండు నిమిషాలు నడపండి. పిడుగుల రోజుల్లో టైమరు ప్లగ్గు తీసేయండి. కరెంటు పోయి వచ్చినా సమయం చెరిగిపోకుండా అందులో బ్యాటరీ వేసి ఉంచండి. పెట్టెకు వైర్లు వచ్చే రంధ్రాలను మూసివేయకపోతే బల్లులూ చీమలూ కాపురం పెడతాయి. నేలలోని మెత్తటి నల్ల పైపులను పందికొక్కులు కొరుకుతాయి. వాన లేని రోజున ఒకేచోట గడ్డి మరీ పచ్చగా, మెత్తగా కనిపిస్తే అక్కడ తవ్వి చూడండి.

ఏడాదికొకసారి చేయించే పెద్ద సర్వీసును నవంబరులో పెట్టుకోండి, దసరాకు ముందు తొందరపడవద్దు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, ఈ మూడు తుపానులూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. అంతకు ముందు చేయించిన శుభ్రత ఒక్క తుపానుతో మట్టిపాలవుతుంది. నవంబరులో ప్రతి లైను చివరి నాజిల్ విప్పించి, నీళ్లు తేటబడేవరకు మోటారు నడిపించి పైపుల్లోని ఒండ్రు కక్కించండి. మోటారు, వాల్వులు, కాయిళ్ల పని మెకానిక్‌కు వదిలేయండి. ఫిల్టరు, నాజిళ్లు మాత్రం మీ చేతిలో ఉంచుకోండి. పాప్-అప్ నాజిళ్లు, సీళ్లు మన ఊరి దుకాణాల్లో అన్నివేళలా దొరకవు, పొలాలకు వాడే ఇత్తడి స్ప్రింక్లర్లే ఎక్కువ దొరుకుతాయి. అందుకని విశాఖ వెళ్లినప్పుడు మీ సిరీస్‌వే రెండు మూడు తెచ్చి ఉంచుకోండి.

మీకు ప్రెజర్ మోటారు ఉందో లేదో, హెడ్‌లు స్ప్రే రకమో రోటరు రకమో ప్రశ్నలో రాయలేదు. గ్లాసుల పరీక్ష చేసి, ఆ కొలతలను, హెడ్‌ల మధ్య దూరాలను ఇక్కడే రాస్తే, ఏ నాజిల్ మార్చాలో, అసలు మార్చనవసరం ఉందో లేదో చెప్పగలను.