సాధించాడు, సాధించాడు, సాధించాడు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఒక్క పేజీలోనే ‘సాధించాడు’ ఏడుసార్లు వచ్చింది. ఉద్యోగం సాధించాడు, పేరు సాధించాడు, ఆఖరికి నిద్ర కూడా సాధించాడు! మనసులో ‘అచీవ్’ అనుకుని తెలుగులో రాస్తున్నావేమోనని నా అనుమానం. అందుకే ఆ మాట సంగతి చెబుతాను.

అచీవ్ పుట్టుకతో ఇంగ్లీషు మాట కాదు. 14వ శతాబ్దంలో పాత ఫ్రెంచి నుంచి వచ్చి చేరింది. ఫ్రెంచిలో ‘షెఫ్’ అంటే తల. దాని మూలం లాటిన్ ‘కాపుత్’. వంటగది షెఫ్, ఆఫీసు చీఫ్, ఓడ కెప్టెన్ అందరూ ఆ తలకి పుట్టినవాళ్లే. మనం రాసే చాప్టర్ అంటే ‘చిన్న తల’. కర్చీఫ్ కూడా అసలు తలకి కప్పుకునే గుడ్డే, చేతిలోకి తర్వాత దిగింది.

ఆ ఫ్రెంచివాళ్లకి తల అంటే కొస కూడా. పనిని తలదాకా తెచ్చారంటే అయిపోయిందన్నమాట. అచీవ్‌కి మొదటి అర్థం అంతే, ముగించడం. కప్పులూ చప్పట్లూ తర్వాత తగులుకున్నాయి. చెడ్డ కొసకి చేరడం నుంచి వచ్చింది ‘మిస్‌చీఫ్’. ఒకప్పుడు ఆపద అని అర్థం, ఇప్పుడు అల్లరి అయి కూర్చుంది.

మనకి తల మొదట్లోనే ఉంటుంది. పని తలపెడతాం, కడతేరుస్తాం, తుదముట్టిస్తాం. ఈ చివరి రెండూ చంపడానికి కూడా వాడతాం కదా? ఇప్పటి ఫ్రెంచి ‘అషవే’ కూడా అచ్చం అంతే. పని పూర్తిచేసినా అదే మాట, గాయపడ్డ జంతువుని కడతేర్చినా అదే మాట. రెండు భాషలకీ చుట్టరికం వెతకకు, మనుషుల బుద్ధి అలా నడిచింది.

ఇక మన ‘సాధించు’ ఇంకో రకం. ‘పొద్దస్తమానం నన్ను సాధిస్తున్నాడు’ అంటే వేధిస్తున్నాడని. పట్టు వదలకుండా వెంటపడటం ఆ మాటలో ఎప్పుడూ ఉంటుంది. నిద్ర వెంట ఎవరు పడతారు? అది పడుతుంది, అంతే. ఉద్యోగం దొరుకుతుంది, పేరు వస్తుంది. ఆ ఆరూ కొట్టేసి ఒక్కటి ఉంచు. నలుగురు రిపేరువాళ్లు వదిలేసిన గడియారం నాలుగో రాత్రి నీ వ్యాసంలోని మనిషి చేతిలో టిక్కుమన్న చోట. అక్కడ అతను గడియారాన్ని సాధించాడు, రెండర్థాల్లోనూ.

అన్నట్టు, మూడో పేజీ వాక్యం మధ్యలో ఆగిపోయింది. మిగతాది రాశావా, ఇంకా తలపెట్టిన దగ్గరే ఉందా?

అన్నయ్య