గుంటూరు, బెజవాడ చుట్టుపక్కల ఒక్క పూటలో ఎక్కి దిగే కొండలు ఏవి?

మీ ప్రశ్న ఇదీ: ఉండేది గుంటూరులో, పన్నెండేళ్ళ అమ్మాయి, ఎనిమిదేళ్ళ అబ్బాయి, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు. అరకు దాకా వెళ్ళేంత సెలవు దొరకదు. ఆదివారం పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరేలా, నాలుగు అడుగులు కొండ మీద వేయడానికి ఎక్కడికి వెళ్ళాలి?

వెళ్ళచ్చండి, బాగానే ఉన్నాయి. అయితే చోటు కంటే ముందు నెల చూసుకోండి. ఇక్కడ కొండ ఎక్కడం ఎవరికీ పెద్ద కష్టం కాదు, ఎండలో దిగడమే కష్టం. రెంటచింతల ఎండలు పేపర్లో చదివే జనం మనం, వేరే చెప్పక్కర్లేదు. నవంబరు మొదలు ఫిబ్రవరి నెలాఖరు దాకా హాయిగా ఉంటుంది. మార్చి నుంచి తొమ్మిదయ్యేసరికే బండలు వేడెక్కుతాయి. వానాకాలంలో కొండలు పచ్చగా భలే ఉంటాయి గానీ గడ్డి మోకాలి దాకా పెరుగుతుంది, అడుగు ఎక్కడ పడుతోందో కనబడదు. రక్తపింజర తిరిగే నేల ఇది. పిల్లలతో అయితే ఆ నెలల్లో తారు రోడ్డు, మెట్లు ఉన్నచోటికే వెళ్ళండి.

మీకు నా మొదటి ఓటు కొండవీడుకే. గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు, చిలకలూరిపేట హైవే మీదుగా వెళ్ళచ్చు, ఫిరంగిపురం వైపు నుంచీ వెళ్ళచ్చు. ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది కాబట్టి అందరూ కారులోనే పైకెక్కి, సెల్ఫీ దిగి, కిందికొచ్చేస్తున్నారు. మీరు అలా చేయకండి. అమ్మగారిని కారులో పైకి పంపించి, మీరూ పిల్లలూ కింద నుంచి ఆ రోడ్డు మీదే నడవండి. పొద్దున్నే బళ్ళు తక్కువ, వాలు మరీ నిటారుగా ఉండదు, ఒక్కో మలుపుకీ పల్నాడు పొలాలు ఇంకాస్త విచ్చుకుంటాయి. మిరప, పత్తి చేలు ఏ గడిలో ఏది ఉందో పై నుంచి చూపిస్తూ పోతే చిన్నవాడు కాళ్ళ నొప్పి మాట ఎత్తడు. పైన అమ్మగారు చెరువు గట్టున కూర్చుని ఉంటారు, అక్కడ కలుసుకోవచ్చు.

చెరువు అన్నాను కదా, కొండ మీద ఒకటి కాదు, మూడున్నాయి: ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. రెడ్డి రాజులు అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. కొండ మీద కోట కట్టుకుని బతకాలంటే ముందు నీళ్ళుండాలి కదా. రాళ్ళూ బురుజులూ అందరూ చూస్తారు గానీ, నన్నడిగితే పిల్లలకు ముందు ఈ నీళ్ళే చూపించాలి. వాన నీళ్ళు ఏ వాలు నుంచి వచ్చి ఏ చెరువులో చేరతాయో వాళ్ళనే కనిపెట్టమనండి. శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా ఉన్నది ఈ కొండవీడులోనే, 1515లో కృష్ణదేవరాయలు గెలుచుకున్నదీ ఈ కోటనే. పెద్దదాని సోషల్ పుస్తకానికి ఇది చాలు. రాచవేమారెడ్డి పురిటి సుంకం వేశాడనీ, సవరం ఎల్లయ్య ఆ రాజును పొడిచి చంపాడనీ చెప్పుకునే కథ ఉంది చూశారూ, అది మాత్రం దిగేటప్పుడు చెప్పండి. దిగేటప్పుడే పిల్లలు విసుక్కుంటారు.

నవంబరు మొదట్లో వెళితే సీతాఫలాలు దొరుకుతాయి. దారి పక్కన గంపలు పెట్టుకుని అమ్ముతుంటారు. నల్లగా మెరిసే కాయ వద్దు. బుడిపెల మధ్య సందులు తెల్లబడి, లేత పసుపు తిరిగిన కాయలు ఏరుకోండి. రెండు రోజులు గోనె మీద పెడితే మెత్తబడతాయి. బేరం ఆడేటప్పుడు ఆ గంప కొండ మీది నుంచి నెత్తిన దిగిందని కాస్త గుర్తుంచుకోండి.

పిల్లలు కొండవీడు రోడ్డు సులువుగా నడిచేశారంటే తర్వాత మంగళగిరి మెట్లు. ఇదెందుకు రెండోది అంటే, మెట్లు నిటారు. కొండ మీది పానకాల నరసింహస్వామి గుడి దాకా ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి అమ్మగారికి ఇక్కడా ఇబ్బంది లేదు. స్వామికి పానకం పోస్తే సగం తాగి సగం వదులుతాడని మనందరికీ తెలిసిందే. మధ్యాహ్నం దాటాక పై గుడి మూసేస్తారు, రాత్రి దేవతలు వస్తారని నమ్మకం. అందువల్ల ఎలాగూ పొద్దున్నే వెళ్ళక తప్పదు, మీకూ అదే మేలు. కోతులున్నాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు కనబడితే అందులో ఏముందో వాటికి అనవసరం, లాక్కుపోతాయి. సరుకంతా బ్యాగులో పెట్టి జిప్పు వేయండి.

కోటప్పకొండ నరసరావుపేట అవతల, కాస్త దూరం. కాకులు వాలని కొండ అంటారు, పిల్లలు ఆకాశం కేసి చూస్తూనే నడుస్తారు. అక్కడి శివాలయానికి శివరాత్రి ముందూ వెనకా ప్రభల (ఊళ్ళ నుంచి తెచ్చే ఎత్తైన అలంకరించిన కట్టడాల) హడావుడి, నడక కోసం అయితే ఆ వారం వదిలేయండి. ఉండవల్లి గుహలు నడక లెక్కలోకి రావు, కానీ అమ్మగారి కోసం ఒకరోజు అటు తిప్పండి. ఏకశిలలో చెక్కిన అనంత పద్మనాభుడు పడుకున్న అంతస్తు దాకా ఆవిడ నిదానంగా ఎక్కగలిగితే చాలు.

ఇక అడవి దారి కావాలంటే బెజవాడ అవతల కొండపల్లి. కోట వరకూ రోడ్డుంది, అది ఎవరైనా వెళ్ళచ్చు. పై నుంచి ఒకవైపు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు, ఇంకోవైపు అడవి. కోట వెనక రిజర్వ్ ఫారెస్ట్‌లోకి, మూలపాడు సీతాకోకచిలుకల పార్కు వైపు కాలిబాటలున్నాయి. వీటికి మాత్రం మీ కుటుంబం ఒక్కటే వెళ్ళద్దని గట్టిగా చెబుతాను. పశువులు తొక్కిన దారీ మనుషుల దారీ ఒకేలా ఉంటాయి, ఫోన్‌లో సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది. బెజవాడలో ఆదివారాలు గుంపులుగా ఈ బాటలు నడిచేవాళ్ళున్నారు, ఫారెస్ట్ వాళ్ళకు చెప్పి వెళతారు. పెద్ద అమ్మాయిని తీసుకుని వాళ్ళతో కలవండి, చిన్నవాడికి ఇంకో రెండేళ్ళు ఆగచ్చు.

కొండపల్లి వెళ్ళి బొమ్మల కాలనీ చూడకుండా వస్తే మాత్రం నేనొప్పుకోను. కొనకపోయినా పర్వాలేదు, ఎవరి అరుగు మీదైనా పని జరుగుతుంటే అడిగి కాసేపు కూర్చోండి. తెల్ల పొణికి కర్ర ముక్క పిల్లల చేతికిస్తారు, అరచేతిలో బరువే తెలియదు. చేతులూ తలలూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపప్పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అతుకు కనబడకుండా వేలితో నున్నగా దిద్ది ఆరబెడతారు, ఆ తర్వాతే రంగు. ఆ పొణికి చెట్టు పెరిగేది మీరు అప్పుడే చూసొచ్చిన ఆ కొండల్లోనే, ఇప్పుడు తగ్గిపోతోందని వాళ్ళే వాపోతారు.

సామాను పెద్దగా అక్కర్లేదు. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి గానీ బూట్లు గానీ వేసుకోండి. గుల్లరాయి మీద జారేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఒక సీసాలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ. టిఫిన్ ఇంట్లో చేసి బయల్దేరితే ఆలస్యమవుతుంది, ఇడ్లీ పొట్లం కట్టించుకుని పైన తినండి. ఆరింటికల్లా కొండ కింద ఉంటే తొమ్మిదిన్నరకు తిరుగు దారి పట్టచ్చు. కారు లేని ఆదివారం అయితే మంగళగిరి ఎంచుకోండి, గుంటూరు నుంచి బస్సులకు కొదవ లేదు. కొండవీడుకు మాత్రం సొంత బండి గానీ, రానూపోనూ మాట్లాడుకున్న ఆటో గానీ ఉండాల్సిందే.