28 రోజులు దాటితే క్లెయిమ్ పోయినట్టేనా? ఏఐ మాట నమ్మొచ్చా?

ప్రశ్న హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ పని చూస్తున్న ఒక సైట్ ఇంజినీరుది: డ్రాయింగులు ఆలస్యంగా వచ్చాయి, 28 రోజుల్లో క్లెయిమ్ (అదనపు డబ్బు అడగడం) నోటీసు పంపలేదు, ఆ డబ్బు ఇక రాదని ఏఐ అంటోంది.

ముందు మీ కాంట్రాక్టు ఫిడిక్ రెడ్ బుక్‌లో ఏ ఎడిషనో చూడండి. ఫిడిక్ అంటే కన్సల్టింగ్ ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య, రెడ్ బుక్ అది నిర్మాణ పనులకు ఇచ్చే నమూనా కాంట్రాక్టు. ఫిడిక్ సంస్థ 1913లో పుట్టింది. బ్రిటిష్ నమూనా ఆధారంగా రెడ్ బుక్ 1957లో వచ్చింది. మీకు పనికొచ్చే చరిత్ర ఆ తర్వాతది. 1987 నాటి నాలుగో ఎడిషన్‌లో క్లెయిముల సంగతి 53వ క్లాజులో ఉంది. గడువు అప్పుడూ 28 రోజులే. కానీ దాటినంత మాత్రాన హక్కు పోదు, పని జరిగినప్పుడే రాసిన రికార్డులు రుజువు చేసినంత మేరకు దక్కుతుంది. 1999లో అది 20.1 క్లాజు అయింది, గడువు దాటితే క్లెయిమే లేదంది. 2017లో 20.2కి మారింది, ఆలస్యానికి సరైన కారణం ఉంటే ముందు కాంట్రాక్టులోని ఇంజినీరుకు, అక్కడ తేలకపోతే వివాద బోర్డుకు చెప్పుకునే దారి పెట్టింది. ఏఐ ఈ మూడింటినీ కలిపేసి ధీమాగా జవాబిచ్చేస్తుంది, నాకు భయం అక్కడే.

పైగా మన కాంట్రాక్ట్ చట్టం 28వ సెక్షన్, 1997 సవరణ తర్వాత, గడువు పేరుతో హక్కును రద్దుచేసే షరతులు చెల్లవంటుంది. దాని మీద వాదించే వీలుంది, లాయరును అడగండి. పర్టిక్యులర్ కండిషన్స్‌లో (మీ పనికే ప్రత్యేకంగా రాసిన షరతుల్లో) గడువు మార్చారేమో కూడా చూడండి. నోటీసు మాత్రం ఈరోజే పంపండి, ఏ డ్రాయింగు ఎప్పుడొచ్చిందో రాసుకునే డ్రాయింగ్ రిజిస్టర్ నకలు జతచేసి.