కలెక్టరు పెద్దా, జడ్జి పెద్దా?

ప్రశ్న: మా మనవరాలు మా ఊరి ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి చదువుతోంది. మొన్న కలెక్టరు గారు బడికి వచ్చినప్పుడు ఆ హడావుడి చూసి, ఇంటికి వచ్చాక “నాయనమ్మా, కలెక్టరు పెద్దా, ఎమ్మెల్యే పెద్దా, జడ్జి పెద్దా?” అని అడిగింది. శాసన వ్యవస్థ, కార్యనిర్వాహక వ్యవస్థ, న్యాయ వ్యవస్థ అని నేను మొదలుపెట్టగానే ఆవలించింది. ఈ మూడూ అధికారాన్ని ఎలా పంచుకుంటాయో ఆ వయసు పిల్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?
ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: అమ్మా, ఆ మూడు పేర్లనూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. పని తెలిసిన తరవాత పేరు చెబితే పిల్లలకు గుర్తుంటుంది. పేరుతోనే మొదలుపెడితే ఆవలింత వస్తుంది, అందులో పాప తప్పేమీ లేదు.

మీ వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. బ్యాటు ఎవరిదైతే వాడే ముందు బ్యాటింగుకు దిగుతాడు, బంతి గోడ దాటితే అవుటో సిక్సరో వాడే చెబుతాడు, వికెట్లుగా నిలబెట్టిన ఇటుకలు పడిపోయినా “నేను సిద్ధంగా లేను, అవుట్ కాదు” అని తీర్పూ వాడే ఇస్తాడు, కాదంటే బ్యాటు చంకన పెట్టుకుని ఇంటికి పోతాడు. నియమం పెట్టేది, ఆట నడిపేది, తగవు తీర్చేది ఒక్కడే అయితే మిగిలినవారికి ఆడాలనే మనసే పోతుంది. “ఈ మూడు పనులూ ముగ్గురికి పంచితే?” అని అడిగి చూడండి. ఏ పని ఎవరికివ్వాలో తనే చెబుతుంది.

దేశంలోనూ అవే మూడు పనులు ఉన్నాయని అప్పుడు చెప్పవచ్చు. నియమాలు రాసేది మనం ఓటు వేసి పంపినవారు కూర్చునే సభ. దేశానికి అది పార్లమెంటు, రాష్ట్రానికి శాసనసభ. ఆ నియమాల ప్రకారం రోడ్డు వేసి, బడి నడిపి, బియ్యం పంచేది ప్రభుత్వం, అంటే ముఖ్యమంత్రి, మంత్రులు మొదలుకొని కలెక్టరు, తహసీల్దారు వరకు అందరూ. ఎవరైనా నియమం తప్పారని ఫిర్యాదు వస్తే ఇరువైపులా విని తీర్పు చెప్పేది కోర్టు. క్రికెట్‌లోని మరొక సంగతి ఇక్కడ చక్కగా పనికివస్తుంది. బ్యాటు అంచుకు తగిలిన బంతిని కీపరు పట్టుకున్నట్టు అంపైరుకు తెలుస్తున్నా, ఫీల్డింగు జట్టు గట్టిగా అడిగితేనే ఆయన వేలెత్తుతాడు. కోర్టు కూడా సాధారణంగా ఎవరో ఒకరు వచ్చి అడిగితేనే కదులుతుంది. అలా అడిగే దారిని రాజ్యాంగమే తెరిచి పెట్టింది. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు, 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు.

పోలికను మాత్రం ఇక్కడితో ఆపండి. లేకపోతే అంపైరే అందరికంటే పెద్ద అని పాప తీర్మానించుకుంటుంది, అది నిజం కాదు. ఎందుకు కాదో చెప్పడానికి ఆమె తినే మధ్యాహ్న భోజనం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

గంట కొట్టగానే పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడితే వేడి అన్నం, దాని మీద పప్పుచారు, వంతు వచ్చిన రోజున ఉడికిన గుడ్డు. ఆ పళ్లెం నిండడానికి మూడు చేతులూ కలవవలసి వచ్చింది. బడి పిల్లలకు ఆహారం ఇచ్చే జాతీయ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న మొదలుపెట్టింది. అయితే చాలా రాష్ట్రాల్లో బళ్లో వండిపెట్టే ఏర్పాటు లేక బియ్యమో గోధుమలో పిల్లల చేతికిచ్చి ఇంటికి పంపేవారు. ఇంటికి చేరిన గింజలు ఇంటిల్లిపాదీ తినేవారు, పిల్ల మాత్రం బళ్లో ఖాళీ కడుపుతోనే పాఠం వినేది. 2001లో, ఒకపక్క ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం పేరుకుపోయి ఉండగా మరోపక్క కరవు ప్రాంతాల్లో జనం పస్తులుంటున్నారని ఒక పౌర హక్కుల సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కేసులోనే ఆ ఏడాది నవంబరు 28న కోర్టు, ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లో చదివే ప్రతి బిడ్డకూ వండిన భోజనమే పెట్టాలని, అందులో కనీసం 300 కేలరీల శక్తి, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని, ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇక్కడ కాస్త ఆగి, “మరి జడ్జి గారే వచ్చి వండారా?” అని మనవరాలిని అడగండి. కోర్టు దగ్గర బియ్యం బస్తా లేదు, గుండిగ లేదు, వంటమనిషికి ఇవ్వడానికి పైకం లేదు. కోర్టుది మాట మాత్రమే. వండి వడ్డించవలసింది ప్రభుత్వమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ వంట 2003 జనవరిలో మొదలైంది. అలాగని ప్రభుత్వం తనకు తోచినట్టు ఖజానా తెరవడానికి కూడా వీలు లేదు. బడ్జెట్టును శాసనసభ ముందు పెట్టి, ఆ ఖర్చుకు సభ ఒప్పుకుని చట్టం చేసిన తరవాతే రూపాయి బయటికి వస్తుంది. చివరికి 2013లో పార్లమెంటు జాతీయ ఆహార భద్రత చట్టం చేసి, అంతవరకు ఒక పథకంగానూ కోర్టు ఆదేశంగానూ ఉన్న ఆ భోజనాన్ని పిల్లల చట్టబద్ధ హక్కుగా మార్చింది, ప్రాథమిక తరగతుల వారికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అని కొలత కూడా రాసింది.

ఇప్పుడు ఆమె మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. కలెక్టరు గారు జిల్లా అంతటికీ ఆదేశాలు ఇవ్వగలరు, కానీ ఒక్క చట్టం కూడా చేయలేరు. ఎమ్మెల్యే గారు ఒంటరిగా చట్టం చేయలేరు. 175 మంది ఉండే సభలో ఎక్కువమంది ఒప్పుకోవాలి. హైకోర్టు జడ్జి గారు కలెక్టరు ఆదేశాన్ని కొట్టివేయగలరు, కానీ ఆయన స్థానంలో కూర్చుని జిల్లాను నడపలేరు. ఎవరి పని దగ్గర వారు పెద్ద. తన పని దాటి అడుగు వేయాలంటే మరొకరి గుమ్మం ముందు ఆగవలసిందే.

ప్రశ్న: మంత్రులు శాసనసభ్యులే కదా, సభలోనే కూర్చుంటారు కదా అని మా ఆరో తరగతి పిల్లలు అడిగారు. అలాంటప్పుడు రెండూ వేరు వేరని వారికి ఎలా చెప్పను?
ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: మీ విద్యార్థులు పట్టుకున్నది నిజమే, దాన్ని దాచి చెప్పవద్దు. అమెరికాలో మంత్రి పదవిలో ఉన్నవారు చట్టసభ సభ్యులుగా ఉండకూడదు. మన రాజ్యాంగ సభలోనూ 1948లో కె.టి.షా అలాంటి పూర్తి విభజన కావాలని ప్రతిపాదించారు, సభ అంగీకరించలేదు. మంత్రులు సభలోనే ఉండి, సభ్యులు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఎదురుగా నిలబడి జవాబు చెప్పాలన్నది మనం ఎంచుకున్న పద్ధతి. సభకు నమ్మకం పోయిన రోజున ప్రభుత్వం దిగిపోవాలి. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయీ ప్రభుత్వానికి అనుకూలంగా 269 ఓట్లు, వ్యతిరేకంగా 270 ఓట్లు పడ్డాయి; ఒక్క ఓటుతో దేశాన్ని ఏలే ప్రభుత్వం పడిపోయింది. ఈ అంకెలను నల్లబల్ల మీద ఒకదాని కింద ఒకటి రాసి తీసివేత చేయించండి.

సభలో అందరినీ మంత్రులను చేసేస్తే అడిగేవారు మిగలరు. అందుకే 2003లో 91వ సవరణ ద్వారా మంత్రుల సంఖ్య సభ బలంలో 15 శాతానికి మించకూడదని నిర్ణయించారు. 119 మంది ఉన్న తెలంగాణ శాసనసభకు ఆ లెక్కన ముఖ్యమంత్రితో కలిపి 18 మంది మంత్రులు వస్తారు. మిగిలిన 101 మంది, ఏ పార్టీ వారైనా సరే, ప్రశ్నలు అడిగే వైపున ఉన్నవారే.

ప్రశ్న: అందరి తప్పులూ జడ్జి చూస్తే, జడ్జి తప్పు ఎవరు చూస్తారు?
ఎనిమిదో తరగతి విద్యార్థి, గుంటూరు

జవాబు: బాబూ, తీర్పు తప్పు అనిపిస్తే పై కోర్టుకు వెళ్లవచ్చు, జిల్లా కోర్టు మీద హైకోర్టు, దాని మీద సుప్రీంకోర్టు ఉన్నాయి. సుప్రీంకోర్టు తన తీర్పును తానే మళ్లీ పరిశీలించుకునే ఏర్పాటు కూడా ఉంది. తీర్పులో కాక, జడ్జి నడవడిలోనే తప్పు ఉందంటే అప్పుడు మాట పార్లమెంటుకు వెళుతుంది. లోక్‌సభలోనైతే 100 మంది, రాజ్యసభలోనైతే 50 మంది సభ్యులు సంతకాలు చేసి నోటీసు ఇవ్వాలి. నోటీసు అంగీకరిస్తే ముగ్గురు సభ్యుల సంఘం విచారణ జరపాలి. తప్పు రుజువైతే రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించినవారు, ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులమంది ఒప్పుకోవాలి, ఆపైన రాష్ట్రపతి ఉత్తర్వు ఇవ్వాలి. నచ్చని తీర్పు చెప్పినంత మాత్రాన జడ్జిని పంపించివేసే వీలు లేకుండా ఇన్ని గడపలు పెట్టారు. 1993లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరిపై తీర్మానం లోక్‌సభలో ఓటింగు దాకా వచ్చి కూడా, కావలసినన్ని ఓట్లు రాక అక్కడే వీగిపోయింది.